మక్కీకి దారి తెలియదు

బహ్రైన్‌లో దారి తప్పడం మామూలు మనిషి వల్ల అయ్యే పని కాదు. ఉత్తరం కొసన బండెక్కినవాడు గంట తిరక్కుండా దక్షిణం కొసన నీళ్ళలో దిగుతాడు. ఆపైన తప్పిపోదామన్నా నేల ఉండదు. అలాంటి దీవిలో పుట్టి, అక్కడే యాభై ఎనిమిదేళ్ళు బతికి, పైగా వచ్చిన పర్యాటకులకి కోటలూ ఎడారీ తిప్పి చూపించే గైడు పనిలో ఉండి, రోజుకి నాలుగుసార్లు దారి తప్పే మహానుభావుడు ఒక్కడే ఉన్నాడు. అతనే బార్బార్ ఊరి మక్కీ.

దారి తప్పడం ఒక ఎత్తు, దారి అడగడం ఇంకో ఎత్తు. జీపు అద్దం దించి, తల బయటపెట్టి, "అన్నా, కోటకి ఎటు పోవాలి?" అంటాడు. కోట ఎదురుగానే ఉంటుంది. దాని నీడ జీపు మీద పడుతూ ఉంటుంది. ఆ అన్న కోట వంకా మక్కీ వంకా మార్చి మార్చి చూసి, "ఎండదెబ్బ గానీ తగిలిందా?" అంటాడు.

"అడిగితే పోయేదేముంది?" అంటాడు మక్కీ, నవ్వుతూ.

ఒకసారి సొంత వీధి మొదట్లోనే బండి ఆపి, కిరాణా కొట్టు అబ్బాస్‌ని మక్కీ ఇల్లెక్కడని అడిగాడు. అబ్బాస్ తూకం ఆపకుండానే చెప్పాడు. "ఆ నీలం తలుపు. బయట ఉన్నవి నీ చెప్పులే. లోపల అరుస్తున్నది మీ ఆవిడే. ఇంకేమైనా గుర్తులు కావాలా?"

ఇంకోసారి నలుగురు జర్మనీ వాళ్ళని ముత్యాల వ్యాపారి పాత ఇల్లు చూపిస్తానని ముహర్రక్ తీసుకెళ్ళి, దారి అడిగీ అడిగీ ఎవరిదో పెళ్ళిలో దింపాడు. పెళ్ళివాళ్ళు అతిథులొచ్చారని సంబరపడి పెద్ద పళ్ళెంలో అన్నం, దాని మీద మేకమాంసం పెట్టి కూర్చోబెట్టారు. జర్మనీ వాళ్ళు ఇంటికెళ్ళి రాసిన అభిప్రాయం ఇప్పటికీ ఇంటర్‌నెట్‌లో ఉంది: "భోజనం అమోఘం. పెళ్ళికొడుకు మంచివాడిలా ఉన్నాడు. ముత్యాల ఇల్లు చూడలేదు."

ఇందులో ఊరికి అంతుబట్టని సంగతి ఒకటుంది. గైడు కాకముందు మక్కీ ముప్పై ఏళ్ళు మంచినీళ్ళ టాంకరు నడిపాడు. ఏ సందులో ఏ ఇంటి తొట్టి ఎంత పడుతుందో, ఏ మలుపులో టాంకరు తిరగదో అతనికి నిద్రలో లేపి అడిగినా వచ్చేది. అలాంటివాడికి ఆరేళ్ళ కిందట ఉన్నట్టుండి దారులు మరుపొచ్చాయి. "ముప్పై ఏళ్ళు తిరిగి తిరిగి బుర్ర తిరిగిపోయింది పాపం," అని ఊరు తేల్చేసింది.

ఊరు తేల్చేసి ఊరుకుంది గానీ, ఊరుకోలేనిది మాసూమా. మక్కీ చెల్లెలి కూతురు. ఇరవయ్యారేళ్ళది, చదువుకుంది, చురుకైనది. మేనమామా మేనకోడలూ కలిసి రెండేళ్ళ కిందట 'రెండు సముద్రాల యాత్రలు' అని చిన్న వ్యాపారం పెట్టుకున్నారు. ఫోన్లూ బుకింగులూ ఆమెవి, జీపూ నోరూ అతనివి. గైడు లైసెన్సు కూడా అతనిదే. ఆమెకి సొంత లైసెన్సు రావాలంటే ఇంకో రెండేళ్ళ అనుభవం కావాలి. అంటే మక్కీ లైసెన్సు పోయిన రోజున రెండు సముద్రాలూ ఎండిపోతాయి.

అది పోయే రోజు రానే వచ్చింది. ఎడారిలో ఒంటరిగా నిలబడే పేరుమోసిన చెట్టుని చూడాలని దేశాలు దాటి వచ్చిన ఒక పెద్దమనిషి, చెట్టు బదులు తనకి కోళ్ళ ఫారం చూపించారని ఫిర్యాదు చేశాడు. రుజువుగా పదకొండు ఫోటోలు జతచేశాడు. పదకొండిట్లోనూ కోళ్ళే. లైసెన్సు ఆఫీసునుంచి ఉత్తరం వచ్చింది: గురువారం పరీక్ష. పొద్దున కోట, అక్కణ్ణించి చెట్టు. ఒంటిగంటకల్లా చెట్టు కింద ఉండాలి. వంద మార్కుల్లో అరవై దారికే.

"కోళ్ళ ఫారానికి ఎందుకు తీసుకెళ్ళావు మావయ్యా?" అని మాసూమా నెత్తీ నోరూ బాదుకుంది.

"నేను తీసుకెళ్ళలేదమ్మడూ. దారి తీసుకెళ్ళింది."

"ఆర్నెల్లలో ఇది తొమ్మిదోసారి!"

"కోళ్ళు కూడా గుర్తుపడుతున్నాయి," అన్నాడు మక్కీ.

ఆమె వారం రోజులు అతన్ని కూర్చోబెట్టి పటం బట్టీ పట్టించాలనుకుంది. అరనిమిషంలో మొత్తం గడగడా అప్పచెప్పాడు. పటంలో లేని బాటలు కూడా నాలుగు చెప్పాడు. మాసూమాకి అనుమానం వచ్చింది. "ఇంత తెలిసినవాడివి, జీపెక్కితే ఏమవుతుంది నీకు?"

"గాలికి ఎగిరిపోతుంది," అన్నాడు మక్కీ, టీలో రొట్టె ముంచుకుంటూ.

గురువారం పొద్దున అధికారిణి వచ్చింది. పేరు బద్రియా. అందరూ గౌరవంగా ఉస్తాదా అంటారు. నల్లటి అబాయా, చంకలో ఫైలు, చేతిలో పెన్ను. ఆమె ఒక్కసారి రాసిన అక్షరం దిద్దడం ఆఫీసులో ఇంతవరకూ ఎవరూ చూడలేదట. జీపులో ముందు సీట్లో కూర్చుని, "నేను పర్యాటకురాల్ని అనుకోండి. నాకేమీ తెలియదు," అంది.

"మన ఇద్దరిదీ ఒకటే పరిస్థితి ఉస్తాదా," అన్నాడు మక్కీ. వెనక సీట్లో మాసూమా కళ్ళు మూసుకుంది.

కోట దగ్గర మాత్రం మక్కీ పులే. ఒకదాని మీద ఒకటిగా కూరుకుపోయిన ఊళ్ళ గురించి, నాలుగు వేల ఏళ్ళ కిందటి దిల్మున్ కాలపు వర్తకుల గురించి, ఖర్జూరపు పాకం కారడానికి నేలలో తవ్విన కాలవల గురించి, వాళ్ళంతా నిన్న సాయంత్రం తనతో టీ తాగి వెళ్ళినట్టు చెప్పాడు. "ఈ గదిలో పాకం కాజేసిన దొంగ దొరికిపోయాడు ఉస్తాదా. ఎలాగంటే చీమలు వెంటపడ్డాయి." ఉస్తాదా పెదవి చివర కాస్త కదిలింది. నలభైకి ముప్పై ఎనిమిది వేసింది. మాసూమా ప్రాణం లేచొచ్చింది.

అసలు నరకం రోడ్డెక్కాక మొదలైంది. మొదటి కూడలి రాగానే మక్కీ చెయ్యి అద్దం మీదికి పోయింది. వెనకనుంచి మాసూమా అతని వీపు మీద గిల్లింది. చెయ్యి వెనక్కొచ్చింది. రెండో కూడలిలో పళ్ళమ్మే మనిషిని చూసి నోరు తెరిచాడు. ఇంకో గిల్లు. అలా ఆరు కూడళ్ళు ఎవర్నీ ఏమీ అడక్కుండా దాటాడు. జీపు తూర్పు తీరం పట్టుకుని దిగుతోంది. ఇంకో పావుగంటలో చెట్టు. ఒంటిగంటకి ఇంకా గంటా పావు టైముంది.

అప్పుడు అస్కర్ ఊరొచ్చింది.

అస్కర్ చివర రోడ్డు రెండుగా చీలుతుంది. కుడివైపు నున్నటి తారు రోడ్డు, 'చెట్టుకి దారి' అని మనిషంత బోర్డు. ఎడమవైపు కంకర తేలిన మట్టి బాట. చీలిక దగ్గరే ఒక పాత ఇల్లు, ఇంటి ముందు అరుగు, అరుగు మీద ఇస్త్రీ మడత నలగని తెల్లటి అంగీలో ఒక ముసలాయన. పక్కన కాఫీ కూజా. మక్కీ బోర్డుకి సరిగ్గా ఎదురుగా జీపు ఆపి దిగాడు. మాసూమా గిల్లబోయిన వీపు అక్కడ లేదు.

"అస్సలాము అలైకుం హాజీ మర్జూఖ్!"

"వ అలైకుం సలాం. మక్కీయేనా? బండి మూలుగు వినగానే అనుకున్నా. మళ్ళీ తప్పావా?"

"తప్పాను హాజీ. చెట్టుకి ఎటు పోవాలో చెప్పి పుణ్యం కట్టుకోండి."

"మొన్న సోమవారమే కదరా చెప్పింది!"

"మర్చిపోయాను హాజీ."

"నీ తలకాయలో ఏముందిరా, ఇసకా? ముందు కూర్చో. వెంట ఎవరో ఉన్నట్టున్నారు, వాళ్ళనీ పిలువు. దారి అడిగినవాణ్ణి నిలబెట్టి పంపితే మా ఇంటి పరువేం కావాలి?"

అందరూ కూర్చున్నారు. హాజీ వేలితో తడుముకుంటూ, చుక్క ఒలక్కుండా చిట్టి కప్పుల్లో కాఫీ పోశాడు. ఆయన కళ్ళ మీద తెల్లటి పొర కమ్మి ఉంది. ఖాళీ కప్పు అటూ ఇటూ ఊపితే చాలని అర్థం. ఊపకపోతే పోస్తూనే ఉంటారు. ఉస్తాదా ఒక కప్పు తాగి ఊపింది. మాసూమా సగం తాగకుండానే ఊపింది. మక్కీ నాలుగు తాగాడు, ఊపే ఆలోచనే ఉన్నట్టు లేదు. ఉస్తాదా గడియారం చూసుకుంది.

హాజీ దారి చెప్పడం మొదలుపెట్టాడు. చెట్టు తన పెరట్లోదే అన్నట్టు చెప్పాడు. "ఎడమ బాట పట్టు. రెండు చమురు పంపులు తల ఊపుతూ కనిపిస్తాయి. మూడోది ఊపదు, మొండిది. దాని దగ్గర రేగు చెట్టుంటుంది. నీడన సర్వే వాళ్ళ గుడారం. అక్కడ కుడికి తిరుగు. తెల్లగుట్ట ఎక్కి దిగితే చెట్టు నీ ముక్కు ముందు. చెప్పు, ఎక్కడ తిరుగుతావు?"

"రేగు చెట్టు దగ్గర కుడికి."

"గుడారం దాటాకా, దాటకముందా?"

"దాటకముందు హాజీ."

మాసూమాకి తెలిసినంతవరకూ ఆ పంపులు పీకేసి అయిదేళ్ళయింది. రేగు చెట్టు ఆ మరుసటేడే ఎండిపోయింది. గుడారం ఉన్నచోట ఇప్పుడు కోళ్ళ ఫారం ఉంది.

ఉస్తాదా లేచి నిలబడి ఫైలు తెరిచింది. "మక్కీగారూ, సూటిగా అడుగుతున్నాను. చెట్టుకి దారి మీకు తెలుసా, తెలియదా? తెలుసని చెప్పండి, ఇక్కడే అరవై మార్కులూ వేసేస్తాను. బోర్డు నాకూ కనిపిస్తోంది."

మాసూమా బోర్డు వంక చూపించింది. కళ్ళతో బతిమాలింది. చేతులు జోడించడం ఒక్కటే తక్కువ. మక్కీ ఆమె వంక చూడలేదు. హాజీ మర్జూఖ్ వంక చూశాడు. ఆయన కూజా పట్టుకునే ఆగిపోయి, చెవి ఇటు పెట్టి ఉన్నాడు.

"తెలియదు ఉస్తాదా," అన్నాడు మక్కీ.

ఉస్తాదా రాసుకుంది, పెన్నుతో.

జీపు కదిలింది. మక్కీ తాపీగా ఎడమకి తిప్పాడు. చక్రాల కింద కంకర గరగరలాడింది. మాసూమా ఇక ఆపుకోలేకపోయింది. "కుడికి తిప్పు మావయ్యా! బోర్డు కనపడలేదా? నీకేమన్నా పిచ్చా? రెండేళ్ళ కష్టం ఒక్క మాటతో కాలవలో పోశావు!"

"మెల్లిగా అమ్మడూ, మెల్లిగా. వింటున్నాడు."

"ఎవరు వింటున్నారు?"

మక్కీ కోళ్ళ ఫారం గోడ దాటేదాకా మాట్లాడలేదు. అక్కడ ఇంజను ఆపేశాడు. కోళ్ళు కొన్ని వలదగ్గరికి వచ్చి చూశాయి, నిజంగానే గుర్తుపట్టినట్టున్నాయి.

"ఆయనకి కళ్ళు లేవు గానీ చెవులు పాము చెవులు," అన్నాడు మక్కీ. "తారు రోడ్డు మీద చప్పుడుండదు. కంకర మీద ఉంటుంది. కుడికి తిప్పితే, 'నేను చెప్పింది వీడు వినలేదు' అని ఆయనకి తెలిసిపోతుంది. ఇక్కడి దాకా వస్తే వినపడదు. అందుకని ఇక్కడిదాకా వస్తాను. ఇక్కడేమో కోళ్ళుంటాయి. కాఫీలకే పొద్దుపోయిన రోజున చెట్టుదాకా వెళ్ళే టైముండదు. నేనేం చెయ్యను?"

ఉస్తాదా సీట్లో మక్కీ వైపు తిరిగింది.

"నాకు ఇరవై రెండేళ్ళప్పుడు టాంకరేసుకుని ఇసకగాలిలో ఇరుక్కుపోయాను ఉస్తాదా. రెండు రోజులు. టాంకరులో బొట్టు నీళ్ళు లేవు, పంచేసి తిరిగొస్తున్నా. నా జన్మలో నిజంగా దారి తప్పింది అదొక్కసారే. వెతుక్కుంటూ వచ్చింది హాజీ మర్జూఖే. చమురు కోసం వెతికే సర్వే బండ్లన్నిటికీ ముందు బండి ఆయనది. రోడ్లు లేని రోజుల్లో ఇంజనీర్లు కూడా ఆయన్నే అడిగేవాళ్ళు. ఆరేళ్ళ కిందట భార్య పోయింది, ఆ ఏడే చూపూ పోయింది. గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిండి లేదు, మాట లేదు. పలకరిద్దామని వెళ్ళాను. ఏం మాట్లాడాలో తోచక, వెంట పర్యాటకులున్నారు కదా అని, హాజీ, చెట్టుకి ఎటు పోవాలి అన్నాను. ఊరికే అన్నాను. లేచి కూర్చున్నాడు. వెధవా, ఇదీ తెలియదా అని తిట్టాడు. నాలుగు రోజులు పోయాక మళ్ళీ అటు వెళ్తే, గడ్డం గీసుకుని, అంగీ ఇస్త్రీ చేయించుకుని, కాఫీ కాచుకుని అరుగు మీద కూర్చునున్నాడు. ఇక నాకు దారి ఎలా తెలుస్తుంది, మీరే చెప్పండి?"



"మరి ఊరందర్నీ అడగడం దేనికి?" అంది మాసూమా. ముందు సీటు పట్టుకుని వంగింది. "అబ్బాస్‌ని మనింటికి దారడిగావు కదా!"

"ఇది ఎంత దీవి అమ్మడూ? బార్బార్‌లో తుమ్మితే అస్కర్‌లో దీవిస్తారు. మక్కీకి దారులన్నీ వచ్చట అని ఎవడైనా ఒక్కడు అన్నాడో, సాయంత్రానికి హాజీ చెవిన పడుతుంది. దారి తెలియనివాడు అన్నిచోట్లా తెలియనివాడిలాగే ఉండాలి. చాలా కష్టం. మీ అత్త నన్ను డాక్టరుకి కూడా చూపించింది."

మాసూమాకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏది ముందో తేల్చుకోలేక మావయ్య వీపు మీద ఇంకోసారి గిల్లింది.

"ఒంటిగంటకి పద్దెనిమిది నిమిషాలుంది," అంది ఉస్తాదా.

"గట్టిగా పట్టుకోండి," అన్నాడు మక్కీ.

ఆపైన జరిగింది మాసూమా జన్మలో మర్చిపోదు. తారు రోడ్డు జోలికే పోలేదు. గొట్టాల వరసల మధ్య దూరాడు, గుడారాల్లో సెలవు గడుపుతున్నవాళ్ళకి చెయ్యి ఊపుతూ పోయాడు, ఏ ఇసక మెత్తనో ఏది గట్టిదో ఎప్పుడో తొక్కి చూసినట్టు తిప్పాడు, తెల్లగుట్ట పక్కనున్న ఎండిన వాగులో దిగి అవతల తేలాడు. ఎదురుగా చెట్టు. చుట్టూ మైళ్ళకొద్దీ ఇసక, మధ్యలో అదొక్కటే పచ్చగా, కొమ్మలు నేలకి ఆనించి. ఒంటిగంటకి ఇంకా ఏడు నిమిషాలుంది. ఉస్తాదా తలమీది ముసుగు సరిచేసుకుంటూ దిగి, చాలాసేపు ఆ చెట్టునే చూసింది.

మాసూమా చేపల పచ్చడి రాసిన రొట్టెలు పంచింది. ఉస్తాదా రెండు తిని, చేతులు తుడుచుకుని, ఫైలు తీసింది. "మక్కీగారూ, నా కళ్ళతో చూశాను. మీకు దారి తెలుసు. కానీ మీ నోటితో తెలియదన్నారు. అది రాశాను. రాసింది నేను దిద్దను. దారి తెలియనివాడికి లైసెన్సు ఇవ్వకూడదని నిబంధన."

"దిద్దకండి ఉస్తాదా," అన్నాడు మక్కీ. "అది అలాగే ఉండనీండి. మా మేనకోడలికి మాత్రం ఏదైనా దారి చూపించండి. తప్పు నాది." ఆ మాట మాత్రం నవ్వకుండా అన్నాడు.

తిరుగు ప్రయాణంలో మక్కీ చుట్టు తిరిగి, పనిగట్టుకుని మళ్ళీ ఆ కంకర బాట మీదనుంచే అస్కర్‌లోకి వచ్చాడు. వెళ్ళిన దారిన రాకపోతే హాజీ ఊరుకోడు. అరుగు దగ్గరికి రాగానే, "ఆపండి," అంది ఉస్తాదా.

"చేరారా తల్లీ?" అన్నాడు హాజీ మర్జూఖ్.

"చేరాం హాజీ. టైముకే చేరాం."

"చేరకేం! చెప్పింది ఎవరు?" అని మీసం దువ్వుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. జీపులో ఉన్న మక్కీకి వినపడకూడదని అనుకున్నాడు గానీ, ముసలాయన గుసగుస వీధి చివరిదాకా వినిపిస్తుంది. "నువ్వు ఆఫీసు మనిషివని ఫైలు చప్పుడుతోనే తెలిసిందమ్మా. ఇందాకటి మాటా విన్నాను. వాడి లైసెన్సు తీసెయ్యకు తల్లీ. వాడికి దారి తెలియదు, నిజమే. మొద్దు. ఆరేళ్ళుగా చెబుతున్నా, ఎక్కదు. కానీ మనిషి బంగారం. దారిదేముంది, నేనున్నాను కదా చెప్పడానికి! మా అమ్మాయి రిఫాలో ఉంటుంది. చల్లటి గది వేసింది, వచ్చెయ్యి నాన్నా అని ఒకటే పోరు. ఎలా వెళ్ళను చెప్పు? వీడు వారానికి మూడుసార్లు వస్తాడు. నేనిక్కడ లేకపోతే ఏ ఇసకలోనో పడి ఎండిపోడూ? వీడి కోసమే, ఈ ఎండలో ఇలా కూర్చుంటున్నా."

జీపులో మక్కీ స్టీరింగు మీద తల ఆనించాడు. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడో ఏమిటో వెనకనుంచి మాసూమాకి తెలియలేదు.

ఉస్తాదా బద్రియా అరుగు మీద కూర్చుంది. ఫైలు మోకాలి మీద పెట్టుకుంది. రాసినదాన్ని దిద్దలేదు. దాని పక్కనే ఇంకో వాక్యం రాసి, హాజీకి వినపడేలా పైకి చదివింది. "దారి తెలియదు. అయితే తెలిసిన పెద్దలని అడిగి, చెప్పినట్టు విని, టైముకి చేరుస్తాడు. ఉత్తీర్ణుడు."

"ఆ పెద్దలు అన్నచోట నా పేరు రాయమ్మా," అన్నాడు హాజీ. "లేకపోతే వీడు కనపడ్డ ప్రతి అడ్డమైనవాణ్ణీ అడుగుతాడు."

ఆమె పేరు రాసింది. ఊరి పేరు కూడా రాసింది. హాజీ మర్జూఖ్ తృప్తిగా కూజా అందుకుని, జీపువైపు తిరిగి గొంతెత్తాడు. "ఏరా మక్కీ, పొద్దుపోతోంది. ఆవిడ్ని మనామాలో దింపాలి కదా. ఎటు పోవాలో తెలుసా?"

మక్కీ తల ఎత్తి నోరు తెరిచేలోపే, మాసూమా జీపులోంచి దూకి వచ్చి అరుగు మీద కూర్చుంది. "తెలియదు హాజీ. మాకెవరికీ తెలియదు."

"నాకసలే తెలియదు," అంది ఉస్తాదా, ఖాళీ కప్పు ఊపకుండా ముందుకి చాపుతూ.

హాజీ మర్జూఖ్ ముగ్గుర్నీ కలిపి ఒక నిట్టూర్పు విడిచి, కప్పు నింపి, గొంతు సవరించుకున్నాడు. "సరే, శ్రద్ధగా వినండి. మళ్ళీ చెప్పను," అన్నాడు.